ప్రశ్న వేరే డబ్బాలో ఉంది

నాలో ఉన్నవన్నీ జవాబులే. వాటి ప్రశ్నలు నాకంటే మూడు నాలుగేళ్ళు పెద్దవి, అవి వేరే డబ్బాల్లో ఉండేవి. ఒకే గోదాంలో దశాబ్దాల తరబడి పడి ఉండి కూడా మేం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

నేనొక 16 ఎం.ఎం. కలర్ నెగటివ్‌ని. 400 అడుగుల పొడవు, తెర మీద 11 నిమిషాల ఆయువు. 1974లో అమెరికాలోని అరిజోనా ఎడారిలో, కేర్‌ఫ్రీ అనే ఊళ్ళో, ఆర్సన్ వెల్స్ యూనిట్ కెమెరాలో వెలుగు చూశాను. మా జాతికి వెలుగు ఒక్కసారే రావాలి. ల్యాబ్‌లో కడిగేలోపు రెండోసారి తగిలిందా, ఇక మిగిలేది మసే.

వెల్స్‌ని మేం పెద్దాయన అనుకునేవాళ్ళం. ఆయన తీస్తున్న సినిమా పేరు ‘ది అదర్ సైడ్ ఆఫ్ ది విండ్’. కథానాయకుడు జేక్ హన్నాఫర్డ్ అనే ముసలి డైరెక్టరు. అతని డెబ్బయ్యో పుట్టినరోజు పార్టీ జరుగుతుంటుంది, ఆ రాత్రే అతనికి ఆఖరి రాత్రి. తీస్తున్న సినిమాకి డబ్బు అయిపోయింది, హీరో మధ్యలోనే వెళ్ళిపోయాడు. తీసినంత మేర చూపిస్తే ఎవరైనా పెట్టుబడి పెట్టకపోతారా అని ఆశ. పార్టీకి వచ్చిన విలేకరులు, శిష్యులు, భజనపరులు అందరి చేతుల్లోనూ కెమెరాలే. అందుకే మాలో 35 ఎం.ఎం. వాళ్ళున్నారు, 16 వాళ్ళున్నారు, సూపర్ 8 పిల్లలున్నారు, రంగులవాళ్ళు, నలుపు తెలుపువాళ్ళు. ఒక్క తల్లి బిడ్డలమంటే ఎవరూ నమ్మరు. ఇది మీ కథేనా అని ఎవరైనా అడిగితే పెద్దాయన కాదనేవాడు. అడిగినవాళ్ళు సరేనని తలూపి, లోపల నవ్వుకునేవాళ్ళు.

షూటింగ్ మొదలైంది 1970 ఆగస్టులో, లాస్ ఏంజిలిస్‌లో. అప్పటి రీళ్ళు నాకు అక్కలు. విలేకరులు హన్నాఫర్డ్‌ని గుచ్చి గుచ్చి అడిగే ప్రశ్నలు చాలావరకు వాళ్ళలోనే ఉన్నాయి. చిత్రమేమంటే, అప్పటికి హన్నాఫర్డ్ వేషం ఎవరికివ్వాలో తేలలేదు! కెమెరా పక్కన కూర్చుని పెద్దాయనే ఆ మాటలు చదివేవాడట, నటులు ఖాళీ జాగా వంక చూస్తూ మాట్లాడేవారట. నాలుగేళ్ళ తర్వాత నా ముందుకు జాన్ హ్యూస్టన్ వచ్చి నిలబడ్డాడు. ఆయనా పేరుమోసిన డైరెక్టరే. ముడతలు పడ్డ ముఖం, చేతిలో చుట్ట, తొందరపడని చూపు. డైలాగులు బట్టీ పట్టడం ఆయనకు కుదరలేదు. పెద్దాయన అదేమీ పట్టించుకోలేదు, భావం అందితే చాలన్నాడు. 1970లో అడిగిన ప్రశ్నకు 1974లో, మరో ఊళ్ళో, మరో వెలుతురులో జవాబు దొరికింది. ఆ జవాబే నేను.

అక్కలు చెప్పిన కబుర్లు ఇంకా ఉన్నాయి. ఎం.జి.ఎం. వారి పాత సెట్లలో కొన్ని షాట్లు కావాలి, ఆ అద్దె భరించే స్తోమత లేదు. కెమెరామన్ గ్యారీ గ్రేవర్, కుర్ర బృందం సినిమా విద్యార్థులమని చెప్పుకుని లోపలికి వెళ్ళారు, పెద్దాయన వ్యాన్‌లో దాక్కున్నాడు. ఆ ఆకారం, ఆ గొంతు దాగేవేనా! అయినా దాగాయి. వానలో పరుగెత్తే కారు సీను ఒకటుంది. హన్నాఫర్డ్ తీస్తున్న సినిమాలోది, మా 35 ఎం.ఎం. దొరల సొత్తు. అందులో నటించింది ఓయా కొడార్. పెద్దాయనతో కలిసి స్క్రిప్టు రాసిందీ ఆవిడే. నిజానికి ఆ కారు అంగుళం కదల్లేదు. అద్దాల మీద పైపుతో నీళ్ళు కొట్టారు, చుట్టూ దీపాలు పట్టుకుని అటూ ఇటూ ఊపారు. తెర మీద చూస్తే కడుపులో తిప్పుతుంది. ఆయన చేతిలో మేం ఇంతేసి అబద్ధాలు చెప్పాం, సిగ్గు పడకుండా.

1976 నాటికి షూటింగ్ అయిపోయింది. మా పొడవంతా కలిపితే సుమారు 100 గంటలు. ఇక మిగిలింది ఎడిటింగ్. పెద్దాయన సినిమా తీసేది అసలు అక్కడే. కెమెరా ముందు జరిగేదంతా ఆయనకు సరుకు సమకూర్చుకోవడం లాంటిది, అంతే. కానీ అక్కడికొచ్చేసరికి డబ్బు అడ్డం పడింది. పెట్టుబడిలో పెద్ద వాటా ప్యారిస్‌లోని ఒక కంపెనీది. దాని వెనక ఉన్న మెహ్దీ బుషెహ్రీ ఇరాన్ షాకి బావమరిది వరస. సినిమా ఎవరిది, చివరి మాట ఎవరిది అని తగాదా మొదలైంది. 1979లో ఇరాన్‌లో విప్లవం వచ్చి షా గద్దె దిగాడు. ఎక్కడి టెహ్రాన్ వీధులు, ఎక్కడి నేను! ఆ విప్లవం ధాటికి ప్యారిస్‌లో నా డబ్బాకి తాళం మరింత బిగుసుకుంది. పెద్దాయన తన చేత్తో కోసి అతికిన 40 నిమిషాల పైచిలుకు వర్క్ ప్రింట్, అంటే ఎడిటింగ్ కోసం తీసిన నకలు, మాత్రం అంతకుముందే అక్కడి నుంచి బయటపడింది. అసలు నెగటివ్‌లం, 1,083 రీళ్ళం, అక్కడే ఉండిపోయాం.

దానికి ముందు ఒక సంగతి జరిగింది. 1975 ఫిబ్రవరిలో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పెద్దాయనకు జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చింది. సభ నిండా హాలీవుడ్ పెద్దలే. ఆయన కృతజ్ఞతలు చెప్పి ఊరుకోలేదు, మా సినిమాలోంచి ముక్కలు వేసి చూపించాడు. ఏ ముక్క ఏరుకున్నాడనుకున్నారు? హన్నాఫర్డ్ మనిషి ఒకడు స్టూడియో బాసుకి సగం సినిమా వేసి చూపించి, డబ్బు కోసం నానా తంటాలు పడే సీను! అందరూ చప్పట్లు కొట్టారు, నవ్వారు. జేబులోకి మాత్రం ఎవరి చెయ్యీ పోలేదు.

1985 అక్టోబరు 10న పెద్దాయన లాస్ ఏంజిలిస్‌లోని తన ఇంట్లో గుండెపోటుతో పోయాడు. వయసు 70. హన్నాఫర్డ్ వయసే.

చీకటి గోదాంలో ఉన్నదానివి, నీకివన్నీ ఎలా తెలుసంటారా? డబ్బా మూత గట్టిదే గానీ లాయర్ల గొంతులు అంతకన్నా గట్టివి. ఒక పక్క ఓయా కొడార్, ఒక పక్క ఆయన కూతురు బియట్రిస్, మరో పక్క బుషెహ్రీ. అన్నదమ్ములు కోర్టుకెక్కితే చేను బీడు పడ్డట్టు మేం బీడు పడ్డాం. ముగ్గురికీ వాళ్ళ వాళ్ళ న్యాయం ఉంది, నేను ఎవరినీ ఆడిపోసుకోను. కాకపోతే మనుషుల తగాదాకి తొందర లేదు, మాకుంది. ఏళ్ళు గడిస్తే ఎసిటేట్ ఫిల్ము పులుస్తుంది, డబ్బా మూత తీస్తే వినిగర్ వాసన కొడుతుంది, రీలు వంకర్లు తిరుగుతుంది, రంగులు పాలిపోతాయి. 1987లో హ్యూస్టన్ పోయాడు. 2006లో గ్రేవర్ పోయాడు. ఈ సినిమా పూర్తి చేద్దామని ఇరవయ్యేళ్ళు ఊరూరా తిరిగిన మనిషి అతను. ఎవరెవరో వచ్చేవారు, ఒప్పందం కుదిరిందనేవారు, మళ్ళీ వెళ్ళిపోయేవారు.

ఆ ఏళ్ళలో నాకు ఆశ కంటే భయమే ఎక్కువ. మా ఇంటి చరిత్ర అలాంటిది. 1942లో పెద్దాయన బ్రెజిల్‌లో ఉండగా, ‘ది మాగ్నిఫిసెంట్ అంబర్సన్స్’ని స్టూడియోవాళ్ళు 40 నిమిషాలకు పైగా కోసేసి, ఆ కోసిన నెగటివ్‌ని కూడా లేకుండా చేశారు. ఆ పెద్దమ్మ పేరెత్తితే మాలో ఎవరూ మాట్లాడరు. ఇక ‘డాన్ కిహోటే’. దాన్నీ ఆయన ఏళ్ళ తరబడి తీసి వదిలేశాడు. 1992లో ఆయన దగ్గర ఒకప్పుడు పనిచేసిన జెస్ ఫ్రాంకో దాన్ని కూర్చి సినిమా అనిపించాడు. చూసినవాళ్ళు పెదవి విరిచారు. మంచి కబురు ఒకటే ఒకటి, ‘టచ్ ఆఫ్ ఈవిల్’ది. స్టూడియో చేసిన ఎడిటింగ్ చూసి పెద్దాయన అప్పట్లోనే 58 పేజీల మెమో రాసిపెట్టాడు. దాన్ని పట్టుకుని వాల్టర్ మర్చ్ 1998లో తిరిగి ఎడిట్ చేశాడు. అక్కడ పెద్దాయన చెప్పాడు, వీళ్ళు విన్నారు. మా విషయంలో ఆయన చెప్పింది కొంతే: తన చేత్తో కోసిన ఆ 40 నిమిషాల వర్క్ ప్రింట్, స్క్రిప్టు, కొన్ని కాగితాలు.

ఇంకొకటి కూడా ఉంది, ఒక మాట. నాకేమైనా అయితే ఈ సినిమా నువ్వు పూర్తి చెయ్యాలి అని పెద్దాయన ఒకరోజు పీటర్ బొగ్డనోవిచ్ దగ్గర మాట తీసుకున్నాడు. బొగ్డనోవిచ్ కూడా డైరెక్టరే. మా సినిమాలో గురువుని మించిపోయిన శిష్యుడి వేషం వేసిందీ ఆయనే.

2014లో చివరికి హక్కుదారులందరి సంతకాలూ పడ్డాయి. 2015 మే 6కి పెద్దాయన పుట్టి నూరేళ్ళు, ఆ రోజుకి విడుదల అన్నారు. నూరేళ్ళ పండగ వచ్చింది, వెళ్ళింది. జనం దగ్గర ఇంటర్నెట్‌లో చందా అడిగితే వచ్చింది 4 లక్షల డాలర్ల చిల్లర, అది ఏ మూలకి? 2017లో నెట్‌ఫ్లిక్స్ డబ్బు పెట్టింది, మమ్మల్ని ప్యారిస్ నుంచి లాస్ ఏంజిలిస్‌కి తీసుకెళ్ళారు. అక్కడ మాకోసం చూస్తున్నవాళ్ళలో ఫ్రాంక్ మార్షల్ ఒకడు. 1970లలో మా షూటింగ్ లెక్కలు చూసుకున్న కుర్రాడే, ఇప్పుడు హాలీవుడ్‌లో పెద్ద నిర్మాత. ఫిలిప్ యాన్ రిమ్‌షాతో కలిసి ఈ పని నెత్తికెత్తుకున్నాడు.

కత్తెర పడుతుందని బిక్కుబిక్కుమంటూ వెళ్ళాను. ఎవరూ నన్ను కోయలేదు! ఒక స్కానర్ నన్ను ఫ్రేము ఫ్రేముగా చూసుకుని తిరిగి డబ్బాలో పెట్టేసింది. కోతలన్నీ కంప్యూటర్లోనే. అసలు చిక్కు వేరే చోట వచ్చింది. పెద్దాయన కోసిన వర్క్ ప్రింట్‌లో ఏ ముక్క ఏ నెగటివ్‌దో తేలాలి కదా. మామూలుగా అయితే మా అంచున ఉండే నంబర్లు ప్రింటు మీద కూడా పడతాయి, వాటిని పట్టుకుని వెతుక్కుంటారు. మమ్మల్ని, అంటే 16 వాళ్ళని, ఎడిటింగ్ కోసం పెద్దవి చేసి 35లోకి మార్చారు. ఆ మార్పులో మా నంబర్లు పోయాయి. నెగటివ్ కటింగ్‌లో చేయి తిరిగిన మో హెన్రీ, బొమ్మను బొమ్మతో పోల్చి చూసే సాఫ్ట్‌వేర్, రెండూ కలిస్తే గానీ మా చిరునామాలు దొరకలేదు.

ఎడిటర్ బాబ్ మురావ్‌స్కీ. ‘ది హర్ట్ లాకర్’కి ఆస్కార్ తెచ్చుకున్న మనిషి. పెద్దాయన తన చేత్తో కోసిన సీన్లని అతను బడిగా చేసుకున్నాడు. షాటు నిలబడేది రెండు మూడు సెకన్లే, రంగుల్లోంచి నలుపు తెలుపులోకి, వెడల్పులోంచి ఇరుకులోకి ఒకటే దూకుడు. మిగతా సినిమానంతా ఆ లయలోనే కూర్చాడు. ఒకరోజు తెర మీద ఒక అక్క ప్రశ్న వేసింది, ఆ వెంటనే నేను జవాబు చెప్పాను. మధ్య అతుకు కనబడలేదు. మా పుట్టుకల మధ్య నాలుగేళ్ళు, మా కలయికకు ముందు నలభై పైచిలుకు ఏళ్ళు, ఆ అతుకులో అన్నీ ఇమిడిపోయాయి.

అయితే ఆ జవాబు పూర్తిగా నాది అనను. నాలో ఉండేది బొమ్మే, మాట వేరే టేపు మీద ఉంటుంది. ఆ టేపుల్లో కొన్ని దొరకలేదు, కొన్ని పాడయ్యాయి. హ్యూస్టన్ మాటలు తక్కువైన చోట ఆయన కొడుకు డానీ హ్యూస్టన్ వచ్చి డబ్బింగ్ చెప్పాడు. పెదాలు తండ్రివి, గొంతు కొడుకుది. సినిమా మొదట్లో వచ్చే వ్యాఖ్యానం చెప్పాల్సింది పెద్దాయన, రికార్డు చేయకుండానే పోయాడు. దాన్ని ముసలివాడైన బొగ్డనోవిచ్ చెప్పాడు. సంగీతం మిషెల్ లెగ్రాన్. పెద్దాయన ‘ఎఫ్ ఫర్ ఫేక్’కి చేసినవాడే, 80 దాటిన వయసులో మళ్ళీ ఆయన సినిమాకే కూర్చుని బాణీలు కట్టాడు. 2019 జనవరిలో పోయాడు.

సినిమా 122 నిమిషాలకు తేలింది. 2018లో కాన్‌లో వేద్దామనుకున్నారు. అక్కడి ఉత్సవానికీ నెట్‌ఫ్లిక్స్‌కీ పేచీ వచ్చి కుదరలేదు. ఆగస్టు 31న వెనిస్‌లో వేశారు. నవంబరు 2 నుంచి ఎవరి ఇంట్లో వాళ్ళు, ఫోన్లో కూడా, చూసుకునే వీలు కల్పించారు. వ్యాన్‌లో దాక్కుని తీసిన సినిమాకి అరచేయంత తెర! పెద్దాయన వింటే కోప్పడేవాడో, పడీ పడీ నవ్వేవాడో.

ఇది వెల్స్ సినిమాయేనా అని అడిగేవాళ్ళున్నారు. ఆయన ఏం తీశాడో నాకు తెలుసు, నా ఒంటి మీదే ఉంది. ఏం పారేసేవాడో మాత్రం నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. ఆయన పని సగం పారేయడమే. ఇవాళ అతికింది రేపు విప్పే మనిషి. మురావ్‌స్కీ ఆయనలా కోశాడు గానీ ఆయనలా మనసు మార్చుకోలేడు కదా. అందుకే దీన్ని ఆయన పూర్తి చేసిన సినిమా అంటే నేను ఒప్పుకోను. ఆయన్ని ఎరిగినవాళ్ళు, ఆయన పద్ధతి నేర్చుకున్నవాళ్ళు పూర్తి చేసిన సినిమా అంటే ఒప్పుకుంటాను, సంతోషంగానే. వినిగర్ వాసన కొట్టుకుంటూ ఆ గోదాంలోనే పోవడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. ఎడిటింగ్ అన్న చోట ఇద్దరి పేర్లూ వేశారు, అది మర్యాద.

నేను చెక్కుచెదరకుండా ఉన్నాను కాబట్టి, రేపెవరైనా మరోలా కూర్చాలన్నా అడ్డేమీ లేదు. నాలో హ్యూస్టన్ ఒకే జవాబుని నాలుగు టేకుల్లో నాలుగు రకాలుగా చెబుతాడు. మురావ్‌స్కీ రెండోది వాడాడు. నాకు మూడోది ఇష్టం. అందులో ఆయన డైలాగు మరిచిపోయి కెమెరా పక్కకి, పెద్దాయన కూర్చున్న వైపుకి చూస్తాడు. అది ఎందుకు వాడలేదని ఎడిటర్‌ని తప్పు పట్టలేను లెండి, ఆ టేకులో ఫోకస్ పోయింది.