నా మీద ఇల్లు, నా కింద నేల

నన్ను కళ్లతో చూసినవాళ్లు బహు కొద్దిమంది. శంకుస్థాపన నాడు గుంటలో నవధాన్యాలు, నవరత్నాలు వేసి, పసుపుకుంకుమలు చల్లి ఇంటిల్లిపాదీ నాకు దండం పెట్టారు. ఆ తర్వాత మట్టి కప్పేశారు. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలు గుమ్మం టేకుని మెచ్చుకున్నారు, గచ్చు నునుపుని మెచ్చుకున్నారు. పునాదిని అడిగేదెవరు?

మాది గుంటూరు జిల్లా, పత్తీ మిర్చీ పండే నల్లరేగడి. పైరుకి కన్నతల్లి అయిన ఈ నేల నాకు సవతి తల్లి. వానలకి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండలకి నెర్రెలు విచ్చి కుంగుతుంది. ఇంటి నడిమి భాగం కింద తడి దాదాపు నిలకడగానే ఉంటుంది. మారేదల్లా అంచుల కింద. అందుకే నా మూలలు ఏటా లేస్తాయి, ఏటా దిగుతాయి. విడ్డూరమేమిటంటే, తేలికపాటి ఒంటంతస్తు ఇళ్లకే ఈ బాధ ఎక్కువ. ఉబ్బే మట్టిని అదిమిపట్టే బరువు వాటికి ఉండదు మరి.

దీనికి మందు లేకపోలేదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసం అండర్‌రీమ్డ్ పైల్ అనే పద్ధతిని అభివృద్ధి చేసింది. ఎండావానా పెద్దగా చేరని లోతుకి, మామూలుగా మూడున్నర మీటర్లకి దిగి, అడుగున తన కాడకి రెండున్నర రెట్ల లావు గడ్డతో పాతుకుంటుందది. నాకా యోగం పట్టలేదు. నాలుగడుగులు తవ్వేసరికే యజమాని గట్టు మీద నుంచి, "ఏం మేస్త్రీ, పునాది తవ్వుతున్నావా, బావి తవ్వుతున్నావా?" అన్నాడు.

"రేగడండీ, ఇంకాస్త పోవాలండీ" అని మేస్త్రీ గొణిగాడు. పోలేదు. మిగిల్చిన డబ్బు ముందు గోడ సోకులకి పోయింది.

పోనీ, కట్టాకైనా చూసుకున్నారా? డాబా మీది వాననీటి గొట్టాన్ని సరిగ్గా నా మూల మీదికే వదిలారు. స్నానాలగది పైపు కారితే, కనపడదు కదా అని ఊరుకున్నారు. గోడకి మూరెడు దూరంలో చెట్టు నాటారు. ఎండాకాలమంతా దాని వేళ్లు నా కింది తడిని లాగేస్తాయి. పడగ్గది తలుపు బిగుసుకుపోతే జబ్బు తలుపుకనుకున్నారు. వడ్రంగి వచ్చి చిత్రిక పట్టి వెళ్లాడు. వానాకాలం మళ్లీ పిలిచారు. కిటికీ మూల నుంచి ఇటుకల వెంట మెట్లు మెట్లుగా పగులు దిగితే పుట్టీ పెట్టి రంగు వేశారు. నేను పెట్టే కేకలన్నీ అలా పైపైనే పూసేశారు.

ఇల్లు అమ్మకానికి వచ్చింది. కొనేవాళ్లకి అప్పు కావాలి కాబట్టి బ్యాంకు తరఫున వాల్యూయర్ వచ్చాడు. టేపు పట్టి ప్లింత్ ఏరియా కొలిచాడు, హద్దులు సరిచూశాడు, ఫొటోలు తీశాడు, వెళ్లాడు. ఆయన ఫారంలో నాకూ ఒక గడి ఉంటుంది లెండి. అందులో "రాతి కట్టుబడి" అని పాత ప్లాను చూసి రాసుకున్నాడు. వెనక గోడ వైపు తొంగి కూడా చూడలేదు.

ఆ బ్యాంకుతో కుదరక కొనేవాళ్లు ఇంకో బ్యాంకుకి వెళ్లారు. ఈసారి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. నన్ను తవ్వి చూడలేదు. అది ఆమె పని కాదు, అక్కర్లేదు కూడా. లోపలి పగులుకి సరిగ్గా ఎదురుగా బయట కూడా పగులుందేమో చూసింది. ఉంది. స్టీలు స్కేలు ఆనించింది: పైన వెడల్పు, కిందికి వచ్చేకొద్దీ సన్నం. పూత మాత్రమే చిట్లితే పగులు గోడని దాటి ఇలా బయటికి రాదు. తలుపు అంచు తడిమి, "దీన్ని ఎన్నిసార్లు చెక్కించారండీ?" అని అడిగింది. యజమాని కాఫీ మాట ఎత్తాడు. వాననీటి గొట్టం, చెట్టు, గోడ వారన తడి రాసుకుంది. "పునాది కదలిక సూచనలున్నాయి, స్ట్రక్చరల్ ఇంజనీరు చూడాలి" అని రిపోర్టులో రాసి, మరమ్మతుకి ఇంటి విలువలో కొంత తగ్గించింది. ఇన్నేళ్లకి నా మాట చెవిన వేసుకున్న మనిషి ఆమె ఒక్కతే.

లెక్క దగ్గర తెలిసింది అసలు సంగతి. స్లాబు ఇంటికి 60 ఏళ్ల ఆయుష్షు, చివర్లో 10 శాతం మిగులు అనుకుంటే, 24 ఏళ్లున్న నాకూ గోడలకీ కలిపి 36 శాతం కోత. ఆ కోత వయసుకే, నా నడుం నొప్పికి కాదు. ఇంటి విలువ అలా కరుగుతుంటే స్థలం విలువ మాత్రం ఏటికేడాది పెరిగింది. 30 లక్షల లోపు గృహరుణమైతే విలువలో 90 శాతం దాకా, 75 లక్షలు దాటితే 75 శాతం దాకా అని రిజర్వు బ్యాంకు కట్టిన గీత. స్థలం ఒక్కటే ఆ గీత లోపల అప్పుకి సరిపోయింది. ఇక పగుళ్లతో ఎవరికేం పని? నన్ను విరుస్తున్న రేగడే అప్పుకి హామీగా నిలబడింది!

రిపోర్టు బ్యాంకుది, ఫీజు కొనేవాళ్లది. నా గురించి రాసిన ఆ ఒక్క వాక్యం వాళ్ల కంటపడనే లేదు. సంతకాలయ్యాయి. నిన్న వచ్చి వంటింటి గట్టు కొలుచుకుంటున్నారు, గ్రానైటు మారుస్తారట. బయటి పగులు చూసి, "పుట్టీ పెట్టిస్తే సరి" అన్నాడు కొత్త యజమాని.