చేపల చెరువు పద్యానికి టీకా తాత్పర్యం

ఎండ గట్టి, సున్న మెగజల్లి, నీరెత్తి,
బొచ్చె, రోహు, మోసు పొందికగను
పెద్ద పిల్ల వదలి, పేడయు తవుడుంచి,
తెల్లవారు జాము తీరు గనుము

అవతారిక: అర ఎకరం సొంత చెరువు ఉన్నవాడికి ఏడాది పొడవునా పడే పనులన్నీ ఈ ఆటవెలదిలో ఉన్నాయి. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసంలో మత్స్యవినోదం గురించి రాశాడు గానీ, అది గాలం పట్టుకున్న రాజుగారి శాస్త్రం. ఈ పద్యం తవుడు బస్తాలకు డబ్బు కట్టేవాడిది.

టీక: ఎండగట్టి = నీరంతా తోడేసి, అడుగు నెర్రెలు విచ్చేదాకా ఎండనిచ్చి. అలా చేస్తే పాత బురదలోని దుర్వాయువులు పోతాయి, బురదలో నక్కిన కొరమీను, వాలుగ, జెల్ల బయటపడతాయి. బజారులో కొరమీనుకు బొచ్చె కంటే ఎక్కువ ధర పలుకుతుంది. కానీ పిలవని అతిథిగా చెరువులో మిగిలితే అది వదిలిన పిల్లనంతా మింగుతుంది. ఊట ఉండి ఎండని చెరువుకు ఇప్పపిండి గతి. మీటరు లోతు నీరున్న అర ఎకరానికి 500 కిలోలు వేస్తే చేపజాతి మొత్తం తేలిపోతుంది. ఆ విషం విరగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. తర్వాత అదే పిండి ఎరువవుతుంది.

సున్నము ఎగజల్లి = అడుగునా గట్ల లోపలివైపునా పడేట్టు చల్లి. మామూలు నేలకు 50 కిలోలు చాలు. పులుపు నేలకు దానికి రెట్టింపు. నీరెత్తి = సన్న కన్ను వల గుండా ఐదారడుగులు నీరు పెట్టి. వల కట్టకపోతే కాలువ నీటితో పాటు మళ్లీ ఆ అతిథులే వస్తారు.

పొందికగను = తగిన పాళ్లలో. ఈ మాట యతి కోసం పడిందని కొందరి ఆక్షేపణ. అది నిలవదు, రెండో పాదానికి అర్థమే ఆ మాటలో ఉంది. బొచ్చె పైనీటిలో మేస్తుంది, రోహు నడిమి నీటిలో, మోసు అడుగున. ఒకదాని కంచంలో మరొకటి చెయ్యి పెట్టదు. అర ఎకరానికి 1,000 పిల్లలనుకుంటే బొచ్చె 400, రోహు 300, మోసు 300 అన్నది పుస్తకాల పాఠం. కొల్లేటి పాఠాంతరం వేరు: అక్కడ రోహుదే పెద్ద వాటా, బొచ్చె కొద్దిగా, మోసు దాదాపు లోపించింది. మోసు నిదానంగా ఎదుగుతుంది, అడుగునే తిరుగుతూ వలకు సరిగా చిక్కదు. కనుక ఈ పాఠాంతరాన్ని లేఖక దోషమని కొట్టిపారేయడానికి లేదు.

పెద్ద పిల్ల = జానెడుకు కాస్త అటూ ఇటూ ఉన్న పిల్ల. వేలెడంత లేని పిల్లను వదిలితే సగం కొంగలకే. ఒకప్పుడు పిల్లను ఏటినుంచి పట్టి తెచ్చేవారు, అందులో ఏ జాతి ఎంతుందో దేవుడికే తెలియాలి. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో శాస్త్రవేత్తలు హీరాలాల్ చౌధురి, అలికుంహి పీయూష గ్రంథి రసం ఎక్కించి చేపలతో గుడ్లు పెట్టించాకే కోరిన జాతి కోరినంత దొరికే దారి తెరుచుకుంది. వదలి = పిల్లలున్న పాలిథిన్ సంచిని పావుగంట నీటిమీద తేలనిచ్చి, లోపలి వేడీ బయటి వేడీ ఒకటయ్యాక మూతి విప్పి. తొందరపడి కుమ్మరించడాన్ని వదలడం అనరు.

పేడయు తవుడుంచి: పేడ చేపకు కాదు, నీటికి. దానివల్ల నీటిలో సన్న నాచూ సూక్ష్మజీవులూ పెరుగుతాయి. మోచేతిదాకా చెయ్యి ముంచితే అరచెయ్యి మసకబారాలి. అంతకు ముందే కనబడకపోతే పేడ ఆపాలి. సున్నం చల్లిన వారానికి గానీ పేడ వేయరాదు. తవుడును చల్లమనక ఉంచమనడంలో కవి లోకజ్ఞత ఉంది. కొల్లేటి చెరువుల్లో చిల్లులు పొడిచిన సంచుల్లో తవుడు నింపి, వెదురు గెడలకు నీటిలో వేలాడగడతారు. రోహులు మూతులతో పొడుచుకు తింటాయి. రెండు మూడు గంటల తర్వాత సంచి ఎత్తితే మిగిలిందెంతో చేతికే తెలుస్తుంది. చల్లిన మేతలో ఎంత తిన్నదీ ఎంత కుళ్లినదీ ఎవరికీ తెలియదు.

వ్యాకరణ విశేషం: పద్యంలో క్త్వార్థకాలు ఐదు, సమాపక క్రియ ఒక్కటే: కనుము. కట్టడం, జల్లడం, ఎత్తడం, వదలడం, ఉంచడం కూలి ఇచ్చి చేయించుకోవచ్చు. చూడటం మాత్రం యజమాని పని. అదీ తెల్లవారుజామునే ఎందుకు? పగలు నాచు ఎండ తగిలి ప్రాణవాయువు వదులుతుంది. రాత్రయ్యాక అదే నాచు, చేప, బురద అన్నీ కలిసి పీల్చుకుంటాయి. సూర్యుడు పొడవబోయే వేళకు నిల్వ అడుగంటుతుంది. లీటరు నీటిలో 3 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి, తరిమినా లోపలికి పోవు. రెండు మూడు రోజులు మబ్బు పట్టి, పైగా పేడా మేతా యథావిధిగా పడితే ఈ దృశ్యం తప్పదు. చిక్కటి ఆకుపచ్చ నీటిని చూసి మురిసే యజమానికి ఆ పచ్చదనమే రాత్రిపూట పోటీదారు.

అప్పుడేం చేయాలో పద్యంలో లేదు, వ్యాఖ్యాత చెప్పక తప్పదు. మోటారు వేసి నీటిని ఎత్తునుంచి చిమ్మించాలి, కొత్త నీరు వదలాలి, ఆ పూట మేత కట్టరాదు. ఏరేటరు ఉంటే మరీ మంచిది. ఏదీ లేనిచోట కర్రలతో నీటిని బాదుతారు, పిల్లకాయల్ని ఈతకు దింపుతారు.

తాత్పర్యం: చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, నీరు పెట్టి, మూడు జాతుల పెద్ద పిల్లను తగు పాళ్లలో వదిలి, పేడా తవుడూ పెట్టి, రోజూ తెల్లవారకముందే వెళ్లి చూడవలెనని భావం.

వల మాట పద్యంలో లేదు. దాన్ని అధ్యాహారం చేసుకోవాలి. ముందురోజు మేత ఆపి, పొద్దుటి చల్లదనంలో లాగాలి. కిలో తూగినవాటిని తీసి చిన్నవాటికి చోటివ్వవచ్చు. ఏడాదికి అర ఎకరంలో ఐదారు వందల కిలోలు దక్కితే పద్యం ఫలించినట్టే.