గుడికి వెళ్ళి దేవుణ్ణి చూడకుండా రండి

సేవ చేద్దామనుకునేవాళ్ళకు నేనిచ్చే మొదటి సలహా మీ ఇంట్లో పెద్దవాళ్ళకు నచ్చదు. గుడికి వెళ్ళండి, దర్శనం చేసుకోకుండా తిరిగి రండి. ప్రతిసారీ అక్కర్లేదు. కల్యాణం నాడో, ముక్కోటి నాడో, ఊరంతా క్యూలో ఉన్న రోజున మాత్రం మీరు లోపలికి వెళ్ళకండి. చెప్పులు విడిచేచోట నిలబడండి. ముసలివాళ్ళు మెట్లు దిగుతుంటే చెయ్యి అందించండి. చంటిపిల్లను ఎత్తుకుని ఎండలో నిలబడ్డ తల్లికి నీళ్ళు తెచ్చివ్వండి. ఇంటికొచ్చాక "దర్శనం బాగా అయిందా?" అని అడుగుతారు. "కాలేదు" అని చెప్పండి. ఆ మాట అంటున్నప్పుడు మనసులో వెలితి లేకపోతే మీరు సేవకు పనికొస్తారు. వెలితిగా ఉంటే వచ్చే పండక్కి మళ్ళీ అక్కడే నిలబడండి.

పెడసరంగా ఉన్నా ఈ సలహా కొత్తదేం కాదు. కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు (1841–1909) చేసి చూపించిందే. గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా లేకుండా వండి పెట్టిన ఇల్లాలు ఆవిడ. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరారట. దారిలో ఆగినచోట ఒక పెళ్ళివారి గుంపు, ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని "గన్నవరం చేరితే సీతమ్మగారింట్లో అన్నం దొరుకుతుంది" అని ఊరడించడం ఆవిడ చెవిన పడింది. పల్లకీ వెనక్కి తిప్పించారు. వాళ్ళకంటే ముందే ఇల్లు చేరి పొయ్యి వెలిగించారు. గోదావరి జిల్లాల్లో ఈ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. ముందు స్వామిని చూసుకుని తిరుగుదారిలో వాళ్ళ సంగతి చూద్దామని ఆవిడకు తోచలేదు. భక్తి ఎలా ఉండాలని అడిగితే నేను చూపించేది ఆ వెనక్కి తిరిగిన పల్లకీనే.

తిరుమల వెళ్ళేవాళ్ళకు రెండో మాట. శ్రీవారి సేవ 2000లో మొదలైంది. ఊళ్ళ నుంచి బృందాలుగా వచ్చినవాళ్ళు కూరలు తరుగుతారు, వడ్డిస్తారు, క్యూలైన్లలో సాయపడతారు. సేవ ముగిశాక దర్శనం ఉంటుంది. ఆ దర్శనం మీద చూపు పెట్టుకుని పేరు ఇచ్చేవాళ్ళు చాలామంది. కొండ ఎక్కిన దగ్గర్నుంచీ వాళ్ళ ఆరాటమంతా ఆలయం లోపల డ్యూటీ పడుతుందా లేదా అని. మీరు కూరగాయల దగ్గర పడాలని కోరుకోండి. తరిగొండ వెంగమాంబ పేరున్న అన్నప్రసాద కేంద్రంలో ఒకేసారి నాలుగు వేల మంది కూర్చుని తింటారు. 1985లో మొదలైన అన్నదానం అది. ఒక పంక్తి లేచేసరికి బయట ఇంకో పంక్తి సిద్ధం. గుమ్మడికాయ తరిగే మనిషికి తన ముక్క ఎవరి విస్తట్లో పడిందో ఎప్పటికీ తెలియదు, తిన్నవాళ్ళకు ఆ మనిషి ముఖం తెలియదు. సేవలో ఇంతకు మించిన పదవి నాకు కనిపించదు. వెంగమాంబ అంత కవిత్వం రాసిన మహాభక్తురాలు. కొండమీద ఆవిడ పేరు అన్నం పెట్టే చోటికి పెట్టడం ఎంతో సముచితం.

ఇక మీ ఊరి గుళ్ళో అన్నసమారాధన. వడ్డనకు ముందుకు రాకండి. గరిటె పట్టుకోవడానికి ఎప్పుడూ పదిమంది ఉంటారు. వడ్డించేవాడికి దండం పెడతారు, ఫొటో తీస్తారు, "ఇంకొంచెం పులిహోర వెయ్యి బాబూ" అని ఆప్యాయంగా అడుగుతారు. పంక్తి లేచాక ఆ పదిమందిలో తొమ్మిదిమంది కనపడరు. మీరు అప్పుడు రండి, ఎంగిలాకులు ఎత్తండి.

ఆ పనికీ ఒక ఒడుపుంది. నిలబడి వంగితే పది ఆకులకే నడుము పట్టేస్తుంది. గొంతుక్కూర్చుని, ఆకు అవతలి అంచు పట్టుకుని మీ వైపుకు మడవాలి. చారూ మజ్జిగా కలిసి మధ్యలో మడుగు కట్టి ఉంటాయి. మడత గట్టిగా పడకపోతే అది మీ మోచేతి దాకా కారుతుంది. విస్తరి కింద నేలకు అంటుకున్న మెతుకుల్ని వేళ్ళతోనే తీయాలి, చీపురుకు రావు. నాలుగు వరసలు ఎత్తేసరికి వంట సంగతి మొత్తం మీకు తెలిసిపోతుంది. కూర ముట్టకుండా వదిలేశారంటే ఉప్పెక్కువైంది. చక్కెర పొంగలి సగం సగం మిగిలిందంటే వడ్డించినవాడు ఎదుటిమనిషి "చాలు" అన్నా వినలేదు. ఒక ఆకులో బూరె మాత్రం పక్కకు తీసి పెట్టి ఉంటుంది. ఎవరో పెద్దావిడ ఇంట్లో మనవడికి తీసుకెళ్దామనుకుని మరిచిపోయి లేచారు. ఇవన్నీ వంటవాళ్ళకు చెప్పండి. వచ్చే ఏడు అన్నం తక్కువ పారేస్తారు. గర్భగుడిలో ఎంత సేపు నిలబడినా ఊరి జనం గురించి మనకు ఇంత తెలియదు.

ఇంకో పెడసరపు సలహా: పండగ నాడు దానం చేయకండి. శ్రీరామనవమి నాడు ప్రతి పందిట్లోనూ పానకం, వడపప్పు ఉంటాయి. పేదవాడికి ఆ రోజు మీ అవసరం అంతగా లేదు. దశమి నాడు అతని సంగతి ఎవరూ అడగరు, మీరు దశమి నాడు పెట్టండి. అలాగే చలివేంద్రం ప్రారంభించకండి. ఉగాది వెళ్ళగానే వీధికొకటి వెలుస్తుంది. కుండలకు తడిగుడ్డ చుడతారు, రిబ్బను కత్తిరిస్తారు. దాతల ఫొటోలున్న ఫ్లెక్సీ కుండల కంటే పెద్దది. రోహిణి కార్తె ఎండలు మండే వేళకు ఫ్లెక్సీ అలాగే ఉంటుంది, కుండల్లో చుక్క నీరుండదు. మీరు పొద్దున్నే రెండు బిందెలు తీసుకెళ్ళి ఎవరో వదిలేసిన ఆ కుండల్ని కడిగి నింపండి. పేరు ఆ ఫ్లెక్సీ మీదున్నవాళ్ళకే పోనివ్వండి. దాహం తీరితే చాలు.

గుడికి ఫ్యాను ఇచ్చి రెక్కల మీద ఇంటిపేరుతో సహా రాయించుకోవడం గురించి ఎక్కువ చెప్పను. ప్రతిఫలం ఆశించి ఇచ్చేది రాజస దానమని భగవద్గీత పదిహేడో అధ్యాయం స్పష్టంగా చెబుతోంది. పేరు కూడా ప్రతిఫలమే. అగౌరవంగా ఇచ్చేదాన్ని గీత ఇంకా కిందికి, తామసంలోకి తోసింది. అన్నదానం వరసలో బిచ్చగాణ్ణి చివరికి నెట్టే కార్యకర్తలు ఆ శ్లోకాలు మళ్ళీ చదవాలి.

ఈ సలహాలు వర్తించనివాళ్ళు కొందరున్నారు. దయచేసి ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. మీ ఇంట్లో ఆడవాళ్ళకు వీటిలో ఒక్కటీ చెప్పకండి. వినాయకచవితికి కుడుములు, శ్రావణ శుక్రవారానికి పూర్ణాలు, తద్దినానికి మడి వంట, మంచాన పడ్డ అత్తగారికి స్నానం అన్నీ వాళ్ళే చేస్తూ, హారతి వేళకు పొయ్యి దగ్గరే ఉండిపోయారు. దేవుణ్ణి చూడకుండా సేవ చేయడం వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. వాళ్ళని దర్శనానికి పంపండి. తొందరపెట్టకుండా, "వంట ఏంటి?" అని ఫోన్ చేయకుండా పంపండి. ఆ పూట అత్తగారి పక్క దుప్పట్లు మీరు మార్చండి. పాండురంగణ్ణి ఇటుక మీద నిలబెట్టి తల్లిదండ్రుల కాళ్ళొత్తిన పుండరీకుడు మగవాడే కదా.

అలాగే గుండిగలు తోమడానికి కూలికి వచ్చినవాళ్ళు. "దేవుడి పనే కదా" అని వాళ్ళ కూలి తగ్గించకండి. మీరు ఇష్టపడి ఎత్తే ఎంగిలాకు సేవ. వేరే దారి లేక తరతరాలుగా ఎత్తుతున్నవాళ్ళ మీద ఆ మాట రుద్దడం అన్యాయం. వాళ్ళ కూలి పూర్తిగా ముందే ఇవ్వండి, మొదటి పంక్తిలో అందరితో కలిపి కూర్చోబెట్టండి, వేడివేడిగా వడ్డించండి. ఆ ఒక్క పంక్తికి మాత్రం గరిటె మీరే పట్టుకోండి.

కార్తీక వనభోజనాలకు చందా అడగడానికి మీ ఇంటికి కమిటీవాళ్ళు వస్తారు. చందా ఇవ్వండి, రసీదు మీద "ఒక భక్తుడు" అని రాయించండి. ఆకులు ఎత్తేవాళ్ళ జాబితాలో మాత్రం మీ అసలు పేరే రాయించి, ఆ రోజు తప్పకుండా వెళ్ళండి.