బీరు ఫ్యాక్టరీలో ఎంటర్‌ప్రైజ్

1966 నుంచీ 'స్టార్ ట్రెక్' టీవీ సిరీస్‌ను నెత్తిన పెట్టుకున్న అమెరికన్ వీరాభిమానికి 2009 సినిమా పెట్టిన పరీక్ష అంతా ఇంతా కాదు. దర్శకుడు జె.జె. అబ్రామ్స్ తానసలు ఆ సిరీస్ అభిమానినే కానని ముందే చెప్పేశాడు. ఆపై సిరీస్ హీరోల్లో ఒకడైన స్పాక్ పుట్టిన వల్కన్ గ్రహాన్నే మాయం చేశాడు. శిక్షణలో ఉన్న మరో హీరో కిర్క్, సినిమా అయ్యేసరికి కెప్టెన్! (మంత్రిగారి బావమరిదికి కూడా ఇంత వేగంగా ప్రమోషన్ రాదు.)

వాళ్ల అంతరిక్ష నౌక ఎంటర్‌ప్రైజ్ ఇంజన్ గది సంగతి మరీ ఘోరం. దాన్ని కాలిఫోర్నియాలోని బడ్‌వైజర్ బీరు ఫ్యాక్టరీలో తీశారు. 23వ శతాబ్దపు నౌక దేనిమీద నడుస్తోందో అభిమానికి అప్పుడర్థమైంది.

పాత కథంతా చెరిపేశారా? అబ్బే, ఇది వేరే కాలరేఖట!

తిట్టుకుంటూనే రెండో ఆటకూ టికెట్ కొన్నాడు. ముసలి స్పాక్‌గా పాత సిరీస్ స్పాకే, లెనార్డ్ నిమాయ్, ఉన్నాడు మరి.