పేరు లేని రాయిని

నా ఒంటి మీద ఓక్ ఆకు ఉంది, సుత్తీ కొడవలీ ఉన్నాయి, 1942 అన్న అంకె ఉంది. పేరు లేదు. ఒకప్పటి లెనిన్‌గ్రాద్‌లో, ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, పిస్కర్యోవ్‌స్కొయె స్మారక శ్మశానంలో ఒక పొడవాటి దిబ్బకు తలాపున ఉన్న గ్రానైట్ రాయిని నేను. ఇలాంటి దిబ్బలు ఇక్కడ 186. సైనికులవైతే రాయి మీద నక్షత్రం ఉంటుంది. నా కింద ఉన్నవాళ్లు మామూలు జనం.

1960 మే 9న శ్మశానాన్ని స్మారకంగా తెరిచారు. నేను కాపలాకి వచ్చేటప్పటికే వాళ్లు మట్టిలో చేరి పద్దెనిమిదేళ్లు.

1941 సెప్టెంబర్ 8న జర్మన్ సైన్యం నగరాన్ని దిగ్బంధించింది. 872 రోజులు. నవంబర్ 20 నుంచి డిసెంబర్ 25 దాకా పిల్లలకీ, ముసలివాళ్లకీ రోజంతటికీ 125 గ్రాముల రొట్టె. అందులోనూ పిండి కొంతే. తక్కినది పత్తిగింజల చెక్క, సెల్యులోజ్. దాన్ని రొట్టె అన్నారు, దాని కోసం చీకట్లోనే వరసలో నిలబడ్డారు.

ఆకలికి జనం రాలిపోయారు. ఆ శీతాకాలపు చలికి నేల బిగుసుకుపోయింది. గునపం దిగక మందుగుండుతో పేల్చి కందకాలు తవ్వారు. పిల్లలు ఆడుకునే మంచుబండ్ల మీద, దుప్పట్లలో చుట్టి, తల్లుల్ని బిడ్డలు, బిడ్డల్ని తల్లులు లాక్కెళ్లారు. ఆ ఓపిక కూడా లేనివాళ్ల ఇళ్ల నుంచి, వీధుల నుంచి లారీలు ఎత్తుకొచ్చాయి. ఎవరు ఏ కందకంలోకి వెళ్లారో రాసుకునే తీరిక ఎవరికి? ఈ ఒక్క శ్మశానంలోనే దాదాపు 5 లక్షల మంది. నా మీద చెక్కడానికి అందుకే ఏడాది ఒక్కటే మిగిలింది.

జనవరి 27న, దిగ్బంధం తొలగిన రోజున, ఒక ముసలమ్మ వచ్చేది. వాళ్లమ్మ పోయింది 1942లో అని మాత్రం ఆమెకు తెలుసు. ఆ అంకె ఉన్న రాళ్లు ఇక్కడ ఎన్నో. అయినా ఏటా నా దగ్గరే ఆగేది. చేతిగుడ్డ విప్పి నల్లరొట్టె ముక్క నా పాదాల దగ్గర పెట్టి, "తిను అమ్మా" అనేది. రాయిని నేను, జవాబు చెప్పలేను. ఆమె వెనుదిరిగాక పిచ్చుకలు వాలేవి. తోలడానికి నాకు చేతుల్లేవు. ఉన్నా తోలేదాన్ని కాదు.

ఈసారి మనవరాలు వచ్చింది. చేతితొడుగు తీసేసి, 1942లో నిండిన మంచును వేలితో ఒక్కో అంకె నుంచీ తీసింది. సంచిలోంచి రొట్టె తీసి పెట్టింది. ముక్క కాదు, మొత్తం రొట్టె.