సొంతింటి పెద్దాయన

సొంతింటి పెద్దాయన డెబ్బై దాటిన గృహస్థు. విజయవాడ, వరంగల్ లాంటి ఊళ్లలోని పాత కాలనీల్లో విరివిగా కనిపిస్తాడు. బ్యాంకు లోను తీసుకుని, మేస్త్రీ పక్కన గొడుగేసుకుని నిలబడి మరీ ఇల్లు కట్టించినవాడు. అప్పుడాయనకు ముప్పై అయిదేళ్లు. ఇంటి కొలతలన్నీ ఆ వయసు మోకాళ్లవే. ఇప్పుడు ఇంటికీ మోకాళ్లకూ పేచీ వస్తే తప్పు మోకాళ్లదేనంటాడు.

అడ్డంకులు వాకిట్లోనే మొదలవుతాయి. వాననీళ్లు రాకూడదని అరుగు 3 అడుగులు లేపించాడు. మెట్లకు నున్నటి గ్రానైట్ వేయించి, పక్కన కమ్మీ పెడితే అందం చెడుతుందని మానేశాడు. ర్యాంపు వేద్దామంటే, అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల వాలు కావాలి. అంటే కనీసం 36 అడుగులు. గేటు దాకా ఉన్న చోటు 8 అడుగులే. మిగిలిన వాలు రోడ్డు దాటి ఎదురింటివారి వరండా ఎక్కాలి.

లోపల గుమ్మానికో గడప. సింహద్వారం గడప తీయమంటే లక్ష్మీదేవి సంగతేమిటంటాడు. బాత్రూం గడప తీయమంటే నీళ్లు హాల్లోకి రావా అంటాడు. రెండో ప్రశ్నకు మాత్రం ఎవరి దగ్గరా జవాబుండదు.

అసలు చిక్కు బాత్రూంలోనే. నేల ఎప్పుడూ తడి. కమోడ్ లేదు, కూర్చుంటే లేవడం కష్టం. పట్టుకోవడానికి ఏముందంటే తువ్వాలు కడ్డీ చూపిస్తాడు. అది తువ్వాలు బరువుకే ఊగుతుంది. అమెరికా నుంచి కొడుకు ఆన్‌లైన్లో పంపిన గట్టి కమ్మీ బీరువా మీద డబ్బాలోనే ఉంటుంది. గోడకు కన్నం పెడితే టైలు పగలొచ్చు. ఆ డిజైను ఇప్పుడు దొరకదు. ఇంత చిన్న పనికి మేస్త్రీ రాడు. వచ్చినవాడు గోడంతా కొట్టేద్దామంటాడు.

ఇవన్నీ తీరినా ఒకటి మిగులుతుంది: కమ్మీ ఎవరికి? “మా ఆవిడను అడగండి” అంటాడు ఆయన. “నాకెందుకు, ఆయనకే” అంటుందావిడ.

ముడి విప్పేది వియ్యంకుడు. వస్తున్నానని ఆయన ఫోన్ చేయగానే, “పాపం, ఆయనకు మోకాళ్ల నొప్పులు” అంటూ వారంలో కమోడ్, కమ్మీలు, మెట్ల పక్కన పైపు వెలుస్తాయి. వియ్యంకుడు రెండు రోజులుండి వెళ్లిపోతాడు. పీకితే టైల్సు పాడవుతాయని వాటిని ఉంచేస్తారు. వృథా పోకూడదని వాడుకుంటారు. వియ్యంకుడి ఇంట్లో ఇవే పనులు ఈయన వెళ్లినప్పుడు జరుగుతాయి.