రంగు పడుద్ది!

పేదవాడంటే మన పెద్దలకు ప్రాణం. కాకపోతే వాడు నాలుగు చెక్కల మధ్య, గాజు వెనక, డ్రాయింగ్ రూములో వేలాడుతూ ఉండాలి. చెమట వాసన రాకూడదు. చెయ్యి చాపకూడదు. రేషన్ కార్డు అడగకూడదు. అంత బుద్ధిగా ఉంటే వాడికి 118 కోట్లయినా పోస్తారు.

నమ్మరా? 2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో ఎం.ఎఫ్. హుసేన్ ‘గ్రామ్ యాత్ర’ ఇంచుమించు అంతే పలికింది. ఆధునిక భారతీయ చిత్రానికి అంతకుముందు ఏ వేలంలోనూ అంత ధర రాలేదు. 1954 నాటి బొమ్మ. ఇంతకీ అందులో ఏముంది? పల్లెటూరు. వంట చేసే ఆడవాళ్లు, చంటిపిల్లలు, బండి, పొలం, రైతు. అదే రైతు బొమ్మలోంచి దిగొచ్చి గిట్టుబాటు ధర అడిగితే? లాఠీ. రైతును గీసిన గుడ్డకి మాత్రం మద్దతు ధర అక్కర్లేదు. సుత్తి దెబ్బ పడేదాకా పాట దానంతటదే పైకి పోతుంది.

ఇంకో తమాషా వినండి. సరిగ్గా రెండు నెలల ముందు, జనవరిలో, ఢిల్లీ కోర్టు ఒకటి ఇదే హుసేన్ బొమ్మలు రెండింటిని స్వాధీనం చేసుకోమని పోలీసులకు చెప్పింది. మనోభావాలు దెబ్బతిన్నాయని ఫిర్యాదు మరి. జనవరిలో ముద్దాయి. మార్చిలో మహానుభావుడు! బతికున్న రోజుల్లో ఆయన మీద ఊరూరా కేసులు పెట్టారు. 2006లో దేశం దాటేదాకా వదల్లేదు. 2010లో కతార్ పౌరుడయ్యాడు. మరుసటి ఏడు లండన్‌లో పోయాడు. ఇప్పుడు రికార్డు ధర రాగానే ‘మనవాడే’ అని మీసాలు మెలేస్తున్నారు. ఎప్పట్నుంచి బాబూ మనవాడు?

అలాగని హుసేన్ గారిని పల్లకీ ఎక్కించక్కర్లేదు. 1975. ఎమర్జెన్సీ. ప్రతిపక్షమంతా జైల్లో. ఆయన కుంచెకు మాత్రం ఇందిరమ్మలో దుర్గాదేవి ప్రత్యక్షమైంది. చేతిలో కళ ఉన్నంత మాత్రాన వీపులో వెన్నెముక ఉండాలని రూలేమీ లేదు.

వెన్నెముక ఉన్నవాడి గతి ఏమైందో కూడా చూడండి. చిత్రకారుడు చిత్తప్రసాద్. 1943, బెంగాల్ కరువు. మిడ్నపూర్ జిల్లాలో ఊళ్లకు ఊళ్లు తిరిగాడు. సిరా, కాగితం, అంతే. ఎముకల గూళ్లయిన మనుషులు, బావురుమంటున్న ఇళ్లు, కుక్కల పాలైన శవాలు. గీసి ఊరుకోలేదు, ఫలానా ఊరు, ఫలానా పేరు అని రాసుకొచ్చాడు. అక్కడే వచ్చింది తంటా. ఆకలికి పేరూ ఊరూ ఉంటే అది ఫిర్యాదు. అవి రెండూ చెరిపేస్తే కళాఖండం. ‘పల్లె పడుచు’, ‘ముసలి రైతు’, ‘తల్లీబిడ్డ’... ఎవరి తల్లి? ఎవరి బిడ్డ? సాయంత్రానికి అన్నం తిన్నారా? స్టార్ హోటల్ లాబీలో ఆ ప్రశ్న అడిగి చూడండి, సెక్యూరిటీ వాడు వస్తాడు.

చిత్తప్రసాద్ గీసిన ఆ కరువు బొమ్మలు ‘హంగ్రీ బెంగాల్’ అనే పుస్తకంగా వచ్చాయి. సర్కారు ఏం చేసింది? బియ్యం పంపిందా? 5,000 ప్రతులు పట్టుకుని తగలబెట్టింది. 30 లక్షల మందిని మింగిందంటారు ఆ కరువు. దాన్ని ఆపడానికి చేతకాని దొరలకు పుస్తకాలు కాల్చడం ఎంత చకచకా చేతనైంది! ఎక్కడో ఇంటివాళ్ల దగ్గర ఒక్క ప్రతి మిగిలితే, దాన్ని చూసి 2011లో ఒక గ్యాలరీ అచ్చంగా మళ్లీ వేసింది. ఆ కరువు బొమ్మలు ఇప్పుడు ఏసీలో, మెత్తని లైట్ల కింద సుఖంగా ఉన్నాయి. గీసినవాడు 1978లో పోయేదాకా లేమిలోనే బతికాడు.

అమెరికా దొరలు ఇలా తగలబెట్టరు. నాగరికులు కదా, ముందు చెక్కు ఇస్తారు. న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ సెంటర్ గోడ మీద డియేగో రివేరా 1933లో లెనిన్ మొహం గీశాడు. తీసేయ్ అన్నాడు నెల్సన్ రాక్‌ఫెల్లర్. రివేరా ససేమిరా అన్నాడు. డబ్బు లెక్కకట్టి చేతిలో పెట్టి సాగనంపారు. 1934లో ఆ బొమ్మను గోడ మీంచి పగలగొట్టేశారు. ఇదే నెల్సన్ గారికి తర్వాత కళాభిమానం పొంగి, 1955లో పికాసో ‘గెర్నికా’ను పెద్ద గుడ్డ మీద నేయించుకున్నారు. బాంబుల కింద నలిగిపోయిన స్పెయిన్ ఊరు అది. ఆ నేత ఐక్యరాజ్యసమితిలో భద్రతామండలి గుమ్మం దగ్గర వేలాడింది. 2003 ఫిబ్రవరిలో ఇరాక్ మీద యుద్ధం ఎందుకు తప్పదో ప్రపంచానికి బోధించడానికి అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ వేంచేశారు. ఆ రోజు గెర్నికాకు నీలం పరదా కప్పారు. కెమెరాల కోసమట! బాంబులు వెయ్యొచ్చు. బాంబుల బొమ్మ మాత్రం టీవీలో కనబడకూడదు. ఎంత సున్నితమైన మనసులండీ!

మనం ఏమైనా తక్కువ తిన్నామా? 2020 ఫిబ్రవరిలో ట్రంప్ గారు అహ్మదాబాద్ వస్తుంటే దారి పక్క మురికివాడకు అడ్డంగా గోడ లేచింది. ఆక్రమణలు ఆపడానికట. ఊళ్లో గోడల మీద అతిథిగారూ మన ప్రధానిగారూ రంగుల్లో నవ్వారు. 2023లో జీ20కి ఢిల్లీలో పేదల బస్తీలకు ఆకుపచ్చ గుడ్డ చుట్టారు. పేదరికాన్ని తరిమేస్తామని ఎన్నికల్లో చెబితే అబద్ధమనుకున్నాం. కళ్ల ముందు నుంచి నిజంగానే తరిమేశారుగా!

ఇక మనస్తత్వం. చిత్రకారుల పిచ్చి మీద మనకు ఎంత శ్రద్ధ! వాన్ గో చెవి కోసుకున్న కథ చెప్పని కళా విమర్శకుడున్నాడా? ఆ వాన్ గో 1890లో తన వైద్యుడు గాషే బొమ్మ గీసి, కొద్ది వారాలకే పోయాడు. నూరేళ్ల తర్వాత జపాన్‌లో కాగితాల మిల్లుల ఆసామి ర్యోయి సైటో దాన్ని 8.25 కోట్ల డాలర్లకు పాడుకున్నాడు. పాడుకుని, ‘నేను పోయాక నాతోపాటే దాన్నీ కాల్చెయ్యండి’ అన్నాడు. లోకం గగ్గోలు పెట్టాక, ఏదో మాటవరసకన్నానని సర్దుకున్నాడు. తన చెవి తాను కోసుకున్నవాడు పిచ్చోడు. లోకం చూడాల్సిన బొమ్మను చితిలోకి పట్టుకుపోతానన్నవాడు కళాపోషకుడు. డాక్టర్ గాషే అవసరం ఎవరికండీ?

మన పాలకుల మనసు చదవడానికి డాక్టర్లూ అక్కర్లేదు. పంచాయతీ గోడ చాలు. ఆంధ్రప్రదేశ్‌లో పేదవాడికి 5 రూపాయలకు భోజనం పెట్టే అన్న క్యాంటీన్లకు తెలుగుదేశం ప్రభుత్వం పసుపు పూసింది. 2019లో ప్రభుత్వం మారింది. క్యాంటీన్లు మూతపడ్డాయి. కొన్నింటికి రంగు కూడా మార్చారు. తినేవాడికి అన్నం ఏ రంగులో ఉందో తెలుసు. పెట్టేవాడికే ఆ సందేహం! తర్వాత వైఎస్సార్‌సీపీ వారు గ్రామ సచివాలయాలకు తమ జెండా రంగులు పులిమారు. అనంతపురం జిల్లాలో ఒకచోట మువ్వన్నెల మీదే పూసేశారు. 2020లో హైకోర్టు తీసెయ్యమంది. సుప్రీంకోర్టూ అదే అంది. ఏలినవారు లొంగుతారా? ఉన్న రంగులకు మట్టి రంగు చేర్చి కొత్త జీవో తెచ్చారు. ఆకుపచ్చ అంటే పైరట, నీలమంటే చేపల చెరువట, తెలుపంటే పాలట. ఆ జీవోకున్నంత భావుకత్వం మన కళాశాలల్లో ఎక్కడుంది? కోర్టుకు మాత్రం కళాదృష్టి లోపించింది. దాన్నీ కొట్టేసింది.

ఈ గొడవంతటిలో నిచ్చెనెక్కి బ్రష్ పట్టిన పెయింటర్ని ఎవరైనా తలుచుకున్నారా? ఫ్లెక్సీలొచ్చి గోడరాతలు పోయాక కూలిపని వెతుక్కుంటున్నవాడు. పార్టీ రంగు వెయ్యమన్నప్పుడు ఒక కూలి. కోర్టు తుడిచెయ్యమన్నప్పుడు ఇంకో కూలి. పాలకుల పేదరిక నిర్మూలనలో పేదవాడి చేతికి రెండుసార్లు డబ్బులందిన పథకం ఇదొక్కటే. అదీ కాంట్రాక్టరు బిల్లు శాంక్షనయ్యుంటే.